చూచిరాత మానాలంటే తప్పు భయం పోవాలి

ఈ సంచికలో నాలుగు ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాను. నాలుగూ విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచే వచ్చాయి. రాసినవారు వేరైనా అందరినీ బాధిస్తున్నది కాపీ విషయమే కనుక ఒకచోట చేర్చాను. మొదటి జవాబు పెద్దది. తక్కినవాటిలో చెప్పకుండా వదిలినవి అందులో దొరుకుతాయి.

ప్రశ్న: గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు. గుంటూరులోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ఆరేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఇటీవల తొమ్మిదో తరగతి ఫార్మేటివ్ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, నలభై రెండు మందిలో పదకొండు మంది గురుత్వ త్వరణాన్ని 9.8కి బదులు 8.9గా వేసి, ఆ తప్పుతోనే లెక్కను చివరిదాకా చేసినట్టు కనబడింది. పదకొండు మందికీ ఒకేసారి అంకెలు తారుమారు కావు కదా. వీరిలో ముగ్గురు బాగా చదివే పిల్లలు కావడం నన్ను ఎక్కువ బాధించింది. ఈ పదకొండు మందినీ ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టి, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించాలని యాజమాన్యం వారు అంటున్నారు. అందుకు నాకు మనసొప్పడం లేదు. అలాగని చూసీ చూడనట్టు ఊరుకోవడానికీ మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పుకోని ఆ రెండు దారులూ నిజంగా తప్పు దారులే. ప్రార్థనలో నిలబెట్టే విషయం రేపో ఎల్లుండో జరిగిపోయేలా ఉంది కనుక ముందుగా దాని గురించి చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. పిల్లలు భయమూ ఆందోళనా లేకుండా తమ అభిప్రాయం చెప్పగలిగేలా బోధన ఉండాలని 29వ సెక్షను చెబుతోంది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు వారికే కదా అని యాజమాన్యం వారు అనవచ్చు. పద్నాలుగు నిండిన మరునాటి నుంచి అవమానం పిల్లలకు మేలు చేస్తుందా అని మీరు మర్యాదగానే అడగండి. అందరి ముందు తల వంచుకుని నిలబడిన పిల్లవాడు, ఈసారి దొరక్కుండా ఎలా చేయాలన్న ఆలోచనతోనే తరగతికి తిరిగి వెళతాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న మాట మనలో ఊరికే పుట్టలేదు.

బాగా చదివే ఆ ముగ్గురి గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కాపీ కొట్టేవారు సోమరులనీ, పెంపకం సరిగా లేనివారనీ మనలో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు వందేళ్ల కిందటే ఈ నమ్మకాన్ని పరిశీలించారు. పది వేలకు పైగా బడిపిల్లలకు, మోసం చేయడానికి వీలున్న రకరకాల పరీక్షలూ ఆటలూ ఇచ్చి చూసి, 1928లో ఫలితాలు ప్రకటించారు. నిజాయితీ గల పిల్లలనీ, మోసం చేసే పిల్లలనీ రెండు జాతులు వారికి కనబడలేదు. ఒకచోట నిక్కచ్చిగా ఉన్న పిల్లవాడే మరోచోట మోసం చేశాడు. సందర్భాన్ని బట్టి ప్రవర్తన మారింది. మీ ముగ్గురు పిల్లల విషయంలో జరిగింది కూడా ఇదే అయివుంటుందని నా అభిప్రాయం. సందర్భాన్ని తయారుచేసేది పెద్దలమైన మనం కనుక, బాధ్యతలో సగం మన వైపే ఉంటుంది.

నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్లు, దిద్దిన పేపర్లను మార్కుల వరుసలో పేర్చుకుని, ఎక్కువ వచ్చినవారి నుంచి ఒక్కొక్కరినే పిలిచి ఇచ్చేవాణ్ణి. పిల్లల్లో పట్టుదల పెరుగుతుందని మనస్ఫూర్తిగా నమ్మాను. కట్ట సగానికి తరిగేసరికి, ఇంకా పిలుపు రానివారు బల్లల వంక చూస్తూ కూర్చునేవారు. చివరి ఐదారు పేర్లు పిలిచేటప్పుడు తరగతి నవ్వేది, ఆ నవ్వును నేను ఆపేవాణ్ణి కాదు. ఆ చివరి పేర్లలోని ఒక పిల్లవాడు ఒక పరీక్షలో పక్కవాడి లెక్కను, వాడు కొట్టేసిన వరుసతో సహా దించేశాడు. ఎందుకు చేశావురా అంటే, ‘మార్కుల కోసం కాదు సార్, చివర్లో పిలుస్తారని’ అన్నాడు. ఆ మాట విన్న తరువాత పేపర్లను మడిచి ఎవరిది వారి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాను. అప్పటికే పదేళ్ల పిల్లలు నా చేతుల మీదుగా వెళ్లిపోయారు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తరువాత చేసిన మార్పు ఇంకా పెద్దది. ప్రతి పరీక్ష అయ్యాక ఎక్కువమంది చేసిన ఒక తప్పును, ఎవరిదో చెప్పకుండా బోర్డు మీద రాసి, ఇలా ఆలోచించినవారికి ఏ మెట్టు దగ్గర దారి తప్పింది అని తరగతిని అడిగేవాణ్ణి. మొదట ఎవరూ నోరు విప్పలేదు. కొన్ని వారాలు గడిచాక, ‘అది నేను చేసిందే సార్’ అని చేయెత్తేవారు వచ్చారు. జవాబు పూర్తిగా రానప్పుడు ‘నాకిక్కడి వరకే తెలిసింది’ అని రాస్తే, అక్కడి వరకు చేసినదానికి మార్కులు వేస్తాననీ, అలా రాసినందుకు ఒక్క మాట కూడా అననని చెప్పి, ఆ మాట నిలబెట్టుకున్నాను. దీనితో కాపీ పూర్తిగా పోయిందని చెప్పను. బాగా తగ్గింది. తగ్గిన సంగతి నాకు పేపర్లలోని తప్పుల వల్లనే తెలిసింది, ఎందుకంటే అంతకుముందు వరుస వరుసంతా ఒకే తప్పు కనబడేది, తరువాత ఎవరి తప్పు వారిదయింది. నలభై మంది నలభై రకాలుగా తప్పు చేసే తరగతి దొరికిన మాస్టారు అదృష్టవంతుడు, ఎవరికి ఏది రాలేదో ఆయనకు కచ్చితంగా తెలుస్తుంది.

ఇక ఈ పదకొండు మంది సంగతి. ఒక్కొక్కరినీ విడిగా, స్టాఫ్ రూములో తక్కిన ఉపాధ్యాయుల ఎదుట కాకుండా, పిలిచి మాట్లాడండి. ‘ఎవరిని చూసి రాశావు’ అని అడగవద్దు. ఆ ప్రశ్న పిల్లవాణ్ణి చాడీలు చెప్పేవాణ్ణి చేస్తుంది, తరగతిలో ఒకరి మీద ఒకరికి నమ్మకం పోతుంది. ‘ఈ లెక్కలో నీకు ఎక్కడి వరకు వచ్చు’ అని మాత్రం అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు మార్కులు పదకొండు మందికీ తీసివేయండి, మొత్తం పేపరుకు సున్నా వేయవద్దు. వారం గడువిచ్చి, అదే లెక్కను అంకెలు మార్చి, మీ బల్ల దగ్గర నిలబడి నోటితో వివరిస్తూ చేయమనండి. చేసినవారికి పోయిన మార్కులు తిరిగి ఇవ్వండి. తప్పుకు ఫలితం ఉండాలి, దాన్ని సరిదిద్దుకునే దారి కూడా ఉండాలి. జరిమానాలో ఈ రెండోది లేదు, పైగా ఆ డబ్బు కట్టేది పిల్లవాడి తండ్రి.

మీ తరగతిలో పరీక్ష అంటే ఏమిటన్నది కూడా ఆలోచించండి. విజయవాడ, గుంటూరు కార్పొరేట్ విద్యాసంస్థల్లో రోజూ స్లిప్ టెస్టు, వారం వారం వీకెండ్ టెస్టు మామూలే. ఆ అలవాటు పాఠశాలలకు కూడా పాకింది. తరచుగా పరీక్ష పెట్టడం చెడ్డదని నేను అనను. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే, ఒకసారి చదివి ఆపైన చూడకుండా గుర్తు చేసుకుని రాసినవారికే వారం తరువాత ఎక్కువ గుర్తుంది. ఐదు నిమిషాల తరువాత చూస్తే మాత్రం మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. అంటే పరీక్ష రాయడమే ఒక చదువు. అయితే ప్రతి చిన్న పరీక్ష మార్కు కూడా గోడ మీద ర్యాంకుగా ఎక్కి, దాన్ని బట్టి సెక్షను మారిపోయేటప్పుడు, పిల్లవాడు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించే ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? వారానికి ఒకటి రెండు సార్లు పది నిమిషాల పరీక్ష పెట్టి, పేపర్లు మార్చుకుని వారినే దిద్దుకోమని చెప్పి, ఆ మార్కులను రిజిస్టరులో ఎక్కించకుండా చూడండి. ఎక్కించని మార్కును దొంగిలించవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

కాపీ అంటే ఏమిటో పిల్లలకు స్పష్టంగా తెలుసునని మనం అనుకుంటాము. నిజానికి హోంవర్కు దగ్గర ‘కలిసి చేసుకోండర్రా’ అంటాము, ప్రాజెక్టు వర్కును అన్నయ్యో షాపువాడో చేసిచ్చినా మార్కులు వేస్తాము, పరీక్ష రోజున హఠాత్తుగా తల తిప్పితే నేరమంటాము. ఒక పీరియడు దీనికే కేటాయించి, హోంవర్కులో ఎంతవరకు అడిగి తెలుసుకోవచ్చు, ఎక్కడి నుంచి సొంతంగా రాయాలి, పరీక్షలో ఏం చేయకూడదు, చేస్తే ఏం జరగాలి అన్నవి పిల్లల చేతనే చెప్పించి, వారి దస్తూరీతోనే రాయించి గోడకు అంటించండి. అమెరికా కళాశాలల్లో కాపీ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన డొనాల్డ్ మెకేబ్, విద్యార్థులే భాగస్వాములుగా నిజాయితీ నియమావళి నడిచే చోట్ల కాపీ తక్కువగా ఉందనీ, తోటివారు ఏం చేస్తున్నారన్నదే విద్యార్థి ప్రవర్తనను అన్నిటికంటే ఎక్కువగా ప్రభావితం చేస్తోందనీ గుర్తించారు. అక్కడి కళాశాలకూ మన తొమ్మిదో తరగతికీ ఎంతో దూరం ఉన్నా, తోటివారి మాటకు ఉండే బలం ఇక్కడ ఇంకా ఎక్కువే గాని తక్కువ కాదు.

పరీక్షలో మీరు అడిగే ప్రశ్న విషయం ఒక్క మాటలో చెప్పి ముగిస్తాను. క్వశ్చన్ బ్యాంకు నుంచి దించిన ప్రశ్నకు జవాబు కూడా దించినదే వస్తుంది. మీది గుంటూరు కదా, నలభై కిలోల మిర్చి టిక్కీని, అంటే బస్తాను, చంద్రుడి మీదికి తీసుకుపోయి, రెండు పళ్లేల త్రాసులోనూ, స్ప్రింగు త్రాసులోనూ తూస్తే ఏ త్రాసు ఎంత చూపుతుంది, ఎందుకు అని అడిగి చూడండి. పళ్లేల త్రాసు నలభై చూపుతుంది, స్ప్రింగు త్రాసు అందులో దాదాపు ఆరో వంతు చూపుతుంది. అంకె పక్కవాడి పేపరులో దొరికినా, ఎందుకన్నది తన మాటల్లో రాయక తప్పదు.

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు, వీకెండ్ పరీక్షల్లో స్నేహితులకు తన పేపరు చూపిస్తున్నానని చెప్పాడు. చూపించకపోతే గదిలో ఎవరూ మాట్లాడరట. తాను ఎవరిది చూడడం లేదు కనుక తప్పేమీ లేదంటాడు. వాడికి ఎలా చెప్పాలి?
— ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, అబ్బాయి మీతో ఈ మాట చెప్పుకున్నాడంటే మీ ఇంట్లో మంచి వాతావరణమే ఉంది. ముందు దాన్ని కాపాడుకోండి, కోపంతో కళాశాలకు ఫోన్ చేయకండి. ఇంటికి దూరంగా, ఒకే గదిలో రాత్రింబవళ్లు గడిపే పదహారేళ్ల పిల్లవాడికి స్నేహితుల మౌనం ఎంత భారమో మనం తేలిగ్గా తీసుకోకూడదు. అయినా చూపించడం కూడా తప్పేనని స్పష్టంగా చెప్పండి. ఆ స్నేహితుడికి రాని పాఠం రానట్టుగానే మిగిలిపోతోంది, అది రాలేదని అధ్యాపకుడికి తెలిసే అవకాశం కూడా మీ అబ్బాయి చేతుల మీదుగానే పోతోంది. వాడికి అనడానికి వీలైన మాట ఒకటి అందించండి: ‘పరీక్షలో చూపించనురా, రాత్రి స్టడీ అవర్ అయ్యాక నీతో కూర్చుని చెబుతాను.’ చెప్పి ఊరుకుంటే చాలదు, నిజంగా కూర్చోవాలి. రెండు మూడు రాత్రులు అలా కూర్చుంటే, ఆ గదిలో కనీసం ఒకరిద్దరు వాడి వైపు వస్తారు.

మీరు చేయవలసినది ఒకటుంది. ఆదివారం ఫోన్‌లో మొదటి మాటగా ‘ఎన్ని వచ్చాయి, ఎన్నో ర్యాంకు’ అని అడుగుతున్నారేమో గుర్తు చేసుకోండి. ఆ స్నేహితుల ఇళ్ల నుంచి కూడా అదే ప్రశ్న వస్తుంటుంది, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకనే వారు మీ అబ్బాయి పేపరు వైపు చూస్తున్నారు. ‘ఈ వారం ఏది అర్థం కాలేదు’ అని అడగడం మొదలుపెట్టండి, వీలైతే ఆ తల్లులతో కూడా మాట్లాడండి.

ప్రశ్న: విజయవాడలో ఎనిమిదో తరగతికి తెలుగు, సాంఘికశాస్త్రం బోధిస్తాను. ఇంటి పని ఇస్తే, పిల్లలు తల్లిదండ్రుల ఫోన్లలో కృత్రిమ మేధను అడిగి యథాతథంగా రాసుకొస్తున్నారు. ఆపడం ఎలా?
— ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: ఇంట్లో జరిగేదాన్ని బడి నుంచి ఆపలేము కనుక, రాసే పనిని తరగతిలోకి తెచ్చి, చదివే పనిని ఇంటికి పంపండి. వ్యాసం పదిహేను నిమిషాల్లో తరగతిలోనే రాయించండి. ఇంటి దగ్గర రాసుకొచ్చినదానికి మార్కు వేయకుండా, అందులోని రెండు వాక్యాలు తీసుకుని వివరించమని అడగండి, తనది కాని వాక్యం నోట పలకదు. మా ప్రకాశం బ్యారేజీ గురించి, తమ వీధి గురించి, ఇంట్లో అమ్మమ్మ వాడే మాటల గురించి రాయమంటే ఫోను చెప్పేది కొంతే ఉంటుంది, అందులోనూ తప్పులుంటాయి. ఆ జవాబును నలుగురైదుగురు పిల్లలకు ఇచ్చి తప్పులు వెతకమనండి. అది మంచి సాంఘికశాస్త్ర పాఠమే.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. నేను గుంటూరు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. పబ్లిక్ పరీక్షల్లో సార్లే జవాబులు చెబుతారని, అంత కష్టపడక్కర్లేదని మా తరగతిలో కొందరు అంటున్నారు. మా సీనియర్లు కూడా అలాగే పాసయ్యామని చెప్పారు. నేను ఒక్కడినే చదివితే నష్టపోతానా?
— ఒక విద్యార్థి

జవాబు: బాబూ, నీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, అలాంటివి కొన్నిచోట్ల జరిగిన మాట వాస్తవమని పెద్దవాణ్ణయిన నేను ఒప్పుకోవాలి. 2022లో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాలు ఫోన్లలో ఫొటోలుగా బయటికి వచ్చాయి, ఆ కేసుల్లో ఉపాధ్యాయులు కూడా అరెస్టయ్యారు. కంచే చేను మేసిన రోజులవి. కానీ దానికి చట్టం లేకపోలేదు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను నిరోధించడానికి మన రాష్ట్రంలో 1997లోనే 25వ నంబరు చట్టం వచ్చింది. 2024లో కేంద్రం తెచ్చిన చట్టం గురించి నువ్వు విని ఉంటావు. అది యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే నియామకాలు, బ్యాంకు నియామకాలు, జాతీయ పరీక్షల సంస్థ నిర్వహించే పరీక్షలకు సంబంధించినది, పదో తరగతికి వర్తించదు. పట్టుబడి డిబార్ అయిన పిల్లవాడి వెంట, జవాబు చెబుతామన్న ఆ పెద్దలెవరూ నిలబడరు.

సార్లు చెబుతారన్న మాట ఎందుకు పుట్టిందో కూడా నీకు తెలియాలి. ప్రతి ఏటా ఫలితాలు రాగానే ఏ జిల్లా ఎన్నో స్థానంలో ఉంది, ఏ బడికి నూరు శాతం వచ్చింది అని లెక్కలు తీస్తారు, తక్కువ వచ్చిన బడి ప్రధానోపాధ్యాయుణ్ణి సంజాయిషీ అడుగుతారు. గుంటూరు బ్రాడీపేటలోనూ విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనూ ర్యాంకుల ఫ్లెక్సీలు నువ్వు చూసే ఉంటావు. నిన్ను చూసి రాయమని తోసే భయమే కొందరు ఉపాధ్యాయులను కూడా తోస్తోంది. ఇది వారి తప్పును మాఫీ చేయడానికి చెప్పడం లేదు. నూరు శాతం అడిగే అధికారులు, నూరు మందిలో ఎంతమందికి సొంతంగా పేరా రాయడం వచ్చిందని కూడా అడిగే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

నష్టపోతానా అని అడిగావు. చూసి రాసినవారికి ఈ మార్చిలో నీకంటే పది మార్కులు ఎక్కువ రావచ్చు, రావని నేను మభ్యపెట్టను. జూన్‌లో ఇంటర్ తరగతిలో కూర్చున్నప్పుడు, త్రికోణమితి రాని ఎంపీసీ విద్యార్థికి ఆ పది మార్కులు ఒక్క లెక్క కూడా చేసిపెట్టవు. అలా కుంగిపోయిన పిల్లలను నేను చూశాను, తమకు తెలివి లేదని వారు అనుకున్నారు. తెలివి ఉంది, పదో తరగతిలో నేర్చుకునే అవకాశాన్ని వారి నుంచి ఎవరో తీసేసుకున్నారు.

ఒక్కడివే చదవకు. నీలాగే అనుకునేవారు నీ తరగతిలో మరో ఇద్దరైనా ఉంటారు, వారు కూడా నీలాగే తాము ఒంటరి అనుకుంటూ ఉంటారు. ముగ్గురూ కలిసి రోజూ సాయంత్రం ఒక పాత ప్రశ్నను పుస్తకం మూసి రాయండి, ఒకరిది ఒకరు దిద్దుకోండి. పబ్లిక్ పరీక్షలో లెక్కకు జవాబు చివరిదాకా రాకపోయినా సరిగా చేసిన మెట్లకు మార్కులు వేస్తారు కనుక, వచ్చినంతవరకు రాసే అలవాటు ఇప్పుడే చేసుకోండి. ఆగిపోయిన చోట గీత గీసి, మరునాడు మీ లెక్కల సారుకు ఆ గీతను చూపించి, అక్కడి నుంచి చెప్పమని అడగండి.